కడపటి ఇంటి కాలింగ్ బెల్లు

రోజ్ గార్డెన్ లేఅవుట్ అని అంత పెద్ద బోర్డు పెట్టినారు కదమ్మా, దాంట్లో ఒక్క రోజాచెట్టు చూపించండి, మా పాడి ఆవును మీకు సుమ్మనే, పైసా లేకుండా ఇచ్చేస్తా. బోర్డు రాకముందు దాని పేరు సన్నమ్మ బావి. రాయకోట రోడ్డులో పోయే బస్సోళ్లు కూడా అట్లే అరిచేవాళ్లు. ఆడ దిగేవాళ్లు పొద్దుండగానే దిగి, పొద్దుండగానే ఇల్లు చేరుకునేవాళ్లు.

ఎందుకంటే... పొద్దు గూకినాక ఆ బావి పిలుస్తుంది. పేరు పెట్టి పిలుస్తుంది.

సన్నమ్మ దాంట్లో పడిందో, దూకిందో మా అవ్వకే తెలీదు. మా గుర్రప్ప మామ ఒక దినం రాగిచేనుకు నీళ్లు కట్టి వస్తా ఉంటే, ఎవరో “గుర్రప్పా” అన్నారంట. ఈయన నోరు ఊరుకోలేదు. “ఆ, వస్తా ఉండా” అన్నాడు. తెల్లారి చూస్తే బావి గట్టు మీద, కాళ్లు లోపలికి వేలాడేసుకోని కూసోనుండాడు. చచ్చేదాకా ఎవరు పిలిచినారో చెప్పనే లేదు.

అందుకే మా పక్క, చీకటి పడినాక ఎవరు పిలిచినా ఒకటో పిలుపుకి పలకము. రెండో పిలుపుకీ పలకము. మనిషైతే మూడోసారి కూడా పిలుస్తాడు. దానికి మాత్రం మూడో పిలుపు రాదు. ఇది నవ్వే మాట కాదమ్మా. మీరు నవ్వుతా ఉండేది నాకు కనపడతా ఉండాది.

లేఅవుట్ వాళ్లు జేసీబీ తెచ్చి, పాత ఇండ్ల ఇటుకలూ మట్టీ పోసి బావిని పూడ్చేసినారు. పూడ్చితే నీళ్లు పోతాయి. పిలుపు పోతుందా? ఊర్లోవాళ్లం ఒక్కరం కూడా ఆడ సైటు కొనలేదు. కొనింది అంతా బయటోళ్లే. వాళ్లూ సగం కట్టి వదిలేసినారు, గోడలు లేచి కప్పు లేకుండా నిలబడి ఉండాయి. కాపురం ఉండింది ఒక్క కడపటి ఇంట్లోనే. దాని గ్రిల్లు తీస్తే ఎదురుగా ఉండేది ఆ పూడ్చిన నేలే.

ఆ ఇంట్లో బాడుగకు ఉండేది లోహిత్, వాని పెండ్లాం రేణు. నేను దినమూ వాళ్లకు పాలు పోస్తా. బావి సంగతీ, మూడు పిలుపుల సంగతీ రేణుకు చెప్పింది నేనే. ఇప్పుడు చెప్పబోయేది నేను కండ్లతో చూసింది కాదు. ఆ దినం నేను ఊత్తంగరైలో మా చెల్లెలి మనవరాలి పెండ్లిలో ఉన్నాను. రేణు చెప్పింది చెప్పినట్టు చెప్తా, ఒక్క మాట కలపను.

లోహిత్‌ది అంచెట్టి పక్క కొండల్లో ఊరు. వాళ్లు భూమి ఉన్నోళ్లు. రేణు వాళ్ల నాయన గార పనికి పోయేటోడు. ఇద్దరూ ఒకే కంపెనీలో పని చేస్తా ఒకరినొకరు ఇష్టపడి, గుళ్లో దండలు మార్చుకున్నారు. లోహిత్ నాయన దొడ్డప్ప నోరు తెరిచి ఏమీ అనలేదు. ఆయప్ప నోరు తెరిచేది అన్నం తినేకే. తల్లి పిల్లమ్మ మాత్రం “ఆ పిల్ల గడప నేను తొక్కను” అనేసింది. అన్నట్టే తొక్కలేదు. ఆడబిడ్డ పుట్టిందని తెలిసినా రాలేదు. రేణు అత్త ముఖం చూసిందే లేదు.

లోహిత్‌కి రెండో షిఫ్టు. మధ్యాన్నం పోతే నడిరాత్రికి వస్తాడు. కంపెనీ లోపలికి ఫోను ఎత్తుకపోనియ్యరు, గేటు కాడ పెట్టెలో పెట్టి పోవాల. ఇంట్లో పసిబిడ్డతో పెండ్లాం ఒక్కతే. వానికి దిగులు. ఆన్‌లైన్‌లో కెమెరా ఉండే కాలింగ్ బెల్లు తెప్పించి, గ్రిల్లు పక్కన గోడకు బిగించినాడు.

“ఎవరన్నా వస్తే ఫోన్లో బొమ్మ వస్తుంది పెద్దమ్మా. ఇది నొక్కితే బయట ఉన్నోళ్లతో లోపల నుంచే మాట్లాడచ్చు. తలుపు తీసే పనే లేదు” అని నాకు చూపించినాడు.

“తలుపు తీయకుండా పాలు ఎట్ల పోయించుకుంటావురా?” అని అడిగినాను.

బెల్లు వచ్చిన వారంలోనే మొదలైంది. సంజె పడితే చాలు, రేణు ఫోను టింగ్ అంటుంది. తలుపు దగ్గర మనిషి ఉండాడని ఇంగ్లీషులో రాసి వస్తుంది. తీసి చూస్తే... ఎవరూ ఉండరు. గ్రిల్లు, మెట్లు, ఆపైన ఆ నేల — అంతే. లోహిత్ ఒక దినం సాలీడు అన్నాడు, ఒక దినం రెక్కల పురుగు అన్నాడు. ఒకసారి మా ఆవును కూడా మనిషి అనింది అది. సరే, పోనీలే అనుకున్నాం.

దీపావళి ముందర వానలు పట్టుకున్నాయి చూడండి, అప్పుడు జరిగింది. బిడ్డకు పొద్దున కొంచెం ఒళ్లు వెచ్చగా ఉండె. మందు పోస్తే తగ్గింది. లోహిత్ డ్యూటీకి పోయినాడు. పొద్దు గూకేసరికి జ్వరం మళ్లా ఎక్కింది. ఈసారి చెయ్యి పెడితే కాలుతా ఉండాది. దానికి తోడు కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద ఒక్క లైటు, ఆ బెల్లుకు కావాల్సిన వైఫై డబ్బా మాత్రం వెలుగుతా ఉండాయి.

రేణు మొగునికి ఫోను చేసింది. కంపెనీ గేటు కాడ పెట్టెలో మోగి మోగి ఆగిపోయింది. నాకు చేసింది. పెండ్లిలో ఆ మేళం రొదకు నాకు యాడ వినపడుతుంది? కడాకు అజిత్‌కి చేసింది. ఆటో తోలే పిల్లోడు, మంచోడే.

“అక్కా, లేఅవుట్ లోపల ఒకటే బురద. ఆటో దిగబడి పోతాది. రోడ్డు కాడ ఉంటా, మీరు బిడ్డను ఎత్తుకోని వచ్చేయండి.”

“నువ్వు నడిచొచ్చి తోడుకోని పోరా అజిత్... నాకు భయంగా ఉండాది.”

ఆ పక్క ఆటో ఇంజను ఆగిపోయింది.

“కడపటి ఇంటికా... తప్పుగా అనుకోవద్దక్కా. ఈ చీకట్లో ఆడికి నేను రాను. రోడ్డు కాడే ఉంటా.”

ఏం చేస్తుంది? బిడ్డను దుప్పట్లో చుట్టుకుంది. ఫోను, చిల్లర సంచీ చంకలో పెట్టుకుంది. తలుపు గడియ మీద చెయ్యి వేసింది.

అప్పుడు బెల్లు మోగింది.

టింగ్ కాదమ్మా ఈసారి. ఎవరో వేలు పెట్టి నొక్కితే వచ్చే మోత. ఒక్కసారే.

రేణు గడియ మీద చెయ్యి అట్లే ఉంచి, రెండో చేత్తో ఫోను చూసింది.

మెట్ల మీద ఒక ఆడమనిషి నిలబడి ఉండాది. తెల్లచీర. నొసట బొట్టు లేదు. తడిసిన జుట్టు చెంపలకు అంటుకోనుండాది. ముఖం కెమెరాకు దగ్గరగా పెట్టి చూస్తా ఉండాది. ఆ రెండు కండ్లూ... చీకట్లో పిల్లి కండ్ల మాదిరి తెల్లగా మెరుస్తా ఉండాయి.

రేణు గడియ మీది చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.

అంతలో — బెల్లే మాట్లాడింది.

లోహిత్ ఎప్పుడో ఏదో నొక్కి పెట్టినాడంట. ఇంట్లోవాళ్లు పలకకపోతే అదే ఆడగొంతుతో ఇంగ్లీషులో రెండు మాటలు అంటుందంట. అనేసింది. దాన్ని కాల్చ! ఇంట్లో మనిషి ఊపిరి కూడా బిగబట్టి నిలబడి ఉంటే, గోడకున్న పెట్టె పలికేసింది. మా మామ కూడా అట్లే కదా పలికింది.

ఆ ఆడమనిషి ఉలిక్కిపడింది. బెల్లునే కొంచెంసేపు చూసింది. తర్వాత మెల్లగా... మెల్లగా తిరిగి, తలుపుకు వీపు పెట్టింది.

పోలేదు. ఆడే నిలబడింది.

రేణు వంటింట్లోకి ఉరికింది. వెనక తలుపు తీస్తే ఏముంది? కాంపౌండు గోడ. అది ఆమె తలకంటే ఎత్తు, మీద గాజుపెంకులు. దొంగలు రాకూడదని ఇంటి ఓనరు పెట్టించినాడు. కిటికీలకు చూస్తే ఊచలు. లోపలికి ఎవరూ రాకుండా ఎన్ని చేసినారో, అవన్నీ ఆ పిల్లను బయటికి పోకుండా పట్టుకున్నాయి. బయటికి దారి ఒక్కటే. ఆ దారిలో అది నిలబడి ఉండాది.

మళ్లా ముందరి గదిలోకి వచ్చింది. ఫోన్లో వీపు అట్లే ఉండాది. వాన మెట్ల మీద పడి చిమ్ముతా ఉండాది. ఫోన్లో కింద గుండ్రంగా మైకు బొమ్మ. నొక్కితే మాట్లాడచ్చు. “ఎవరూ” అని ఒక్క మాట అడగచ్చు. బొటనవేలు దాని మీదే పెట్టింది. నొక్కలేదు. అడిగితే... పలికినట్టే కదా?

అప్పుడు వినపడింది. ఫోన్లోనుంచి.

“రేణూ...”

గట్టిగా లేదంట. గోడ అవతల నుంచి పొరుగింటామె పిలిచినట్టు, అంతే. ఫోన్లో ఆ వీపు మాత్రం కదల్లేదు.

రేణు కొంగు నోట్లో కుక్కుకుంది. ఒకటి.

బిడ్డ మూలుగుతా ఉండాది. ఏడ్చేకి కూడా దానికి ఓపిక లేదు. తడిగుడ్డ నొసట వేస్తే గుడ్డ కూడా వేడెక్కి పోతా ఉండాది. ఈ తల్లి బిడ్డను చూస్తుంది, ఫోను చూస్తుంది, తలుపు చూస్తుంది. మళ్లా బిడ్డను చూస్తుంది. ఫోను మోగేసరికి ఎగిరిపడింది. అజిత్.

“అక్కా, వస్తారా లేదా? వాన ఎక్కువైతా ఉండాది.”

“వస్తా... పోవద్దురా... పోవద్దు...”

“అంత మెల్లగా మాట్లాడతా ఉండారేంది?”

ఏమని చెప్తుంది? చెప్తే వాడు ఆడినుంచి కూడా పారిపోతాడు. ఫోను పెట్టేసింది. మళ్లా కెమెరా బొమ్మ తీసింది. తీసీ తీయకముందే...

“రేణూ...”

రెండు.

ఆ తర్వాత ఏమీ లేదు. వాన చప్పుడు. ఇన్వర్టరు గుయ్యి మనే చప్పుడు. తెల్లచీర వీపు. ఇంత పొద్దూ భయపడింది ఒక లెక్క, ఇప్పుడు ఆ పిల్లకు పట్టింది ఇంకో భయం. రెండు పిలుపులు అయిపోయినాయి. మూడోది రాకపోతే అది మనిషి కాదు. మనిషి కాకపోతే తెల్లారేదాకా తలుపు తీయకూడదు. తెల్లారేదాకా బిడ్డ ఉంటుందా?

అప్పుడే బిడ్డ ఒళ్లు కట్టెలా బిగుసుకుంది. కండ్లు పైకి తేలేసింది. చేతులు టకటకా కొట్టుకున్నాయి.

అమ్మా, నాకు చెప్పేటప్పుడు కూడా ఆ పిల్ల బిడ్డను రొమ్ముకు అదుముకోని ఏడ్చేసింది. బిడ్డల్ని కన్న దాన్ని, విని నేనూ ఏడ్చినాను. ఒక్కతే ఉండాదమ్మా ఆ ఇంట్లో. అరిస్తే వినేవాళ్లు లేరు. రోడ్డు మీద ఆటో ఉండాది, ఆసుపత్రి ఉండాది, అన్నీ ఉండాయి. నడుమ ఒక్క తలుపు.

రేణు ఫోనును ముఖం దగ్గర పెట్టుకుంది. మైకు నొక్కలేదు. తనకే వినపడీ వినపడనట్టు గొణిగింది —

“పిలువు... మనిషివైతే ఇంకొక్కసారి పిలువు... నీకు దండం పెడతా, ఇంకొక్కసారి...”

వాన.

వాన...

“రేణూ!”

ఈసారి గట్టిగా. తొందరపెట్టినట్టు.

రేణు ఇంక ఆగలేదు. బిడ్డను చంకనేసుకుంది. గడియ లాగేసింది, గ్రిల్లు తోసేసింది. కండ్లు మాత్రం గట్టిగా మూసుకుంది. చల్లటి, తడి చెయ్యి ఒకటి వచ్చి ఆమె మోచేతి మీద పడింది.

“బిడ్డనియ్యి.”

అంతే అనింది. ఇయ్యమని అడగడం కూడా కాదు, లాక్కోవడమే. రేణు కండ్లు తెరిచేసరికి చంకలో బిడ్డ లేదు. తెల్లగా ఏదో మెట్లు దిగి, పూడ్చిన బావి నేల మీద అడ్డంపడి, చీకట్లోకి ఉరుకుతా ఉండాది.

“నా బిడ్డ! నా బిడ్డా!”

రేణు చెప్పులు లేకుండా వెంటబడింది. బురదలో పడింది, లేచింది. మళ్లా పడింది. ముందర పోయేది వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఆ నేల మీద కాలు పెడితే లోపలికి దిగబడినట్టు అయింది. ఇంక అయిపోయింది, నన్నూ నా బిడ్డనూ లోపలికి ఎత్తుకపోతా ఉండాది అనుకుందంట. బిడ్డ పోతే నేనూ పోతా అని, ఆగకుండా ఉరికింది.

రోడ్డు కాడ అజిత్ ఆటో లైటు వేసినాడు.

ఆ వెలుతుర్లో నిలబడింది ఒక ముసలామె. పచ్చచీర. నొసట రూపాయి బిళ్లంత ఎర్రటి కుంకం బొట్టు, వానకు కారి ముక్కు మీదికి వస్తా ఉండాది. బిడ్డను కొంగులో చుట్టి రొమ్ముకు ఆనించుకోనుండాది. ఆ ముక్కు... ఆ ముక్కు అచ్చం లోహిత్ ముక్కే.

“నిలబడి చూస్తా ఉండావేందమ్మా? ఎక్కు! జ్వరం నెత్తికెక్కి బిడ్డకు జన్ని వచ్చింది!”

పిల్లమ్మ. అత్త.

హోసూరు పెద్దాసుపత్రికి ఆ అజిత్ ఎట్ల తోలినాడో వానికే తెలీదు. బిడ్డకు సూది వేసినారు, ఊపిరికి గొట్టం పెట్టినారు. తెల్లవారుజాముకు జ్వరం దిగింది. బిడ్డ కండ్లు తెరిచి పాలకు ఏడ్చింది. సమయానికి తెచ్చినారు, ఇంకొంచెం ఆలస్యమై ఉంటే చేతికి దక్కకుండా పోయేది అని డాక్టరమ్మ చెప్పిందంట.

లోహిత్ షిఫ్టు వదిలి, ఫోను చూసుకోని, పిచ్చోని మాదిరి ఉరికొచ్చినాడు. వచ్చి చూస్తే తన తల్లి వళ్లో తన బిడ్డ. వానికి ఏడవాల్నో నవ్వాల్నో తెలీలేదు. ఆ తెల్లచీర సంగతి విని వాడే విప్పి చెప్పినాడు. చీకట్లో ఆ కెమెరాకు రంగులు తెలీవంట. పచ్చచీరైనా తెల్లగానే చూపిస్తుంది, ఎర్రకుంకం అసలుకే కనపడదు, కండ్లేమో మెరుస్తాయి. చూసినారా? దొడ్డప్ప రాయిలా బతికి ఉంటే, నిండు ముత్తైదువను బొట్టు లేనిదాన్ని చేసి చూపించింది ఆ మిషను. అంత డబ్బు పోసి కొన్నాడు.

పిల్లమ్మ పొద్దున లేచి, “ఇంకెన్ని దినాలు కోపం పెట్టుకోని కూసోవాల” అని మొగునితో అనేసి, రాగిపిండి మూట కట్టుకోని బయలుదేరిందంట. ఆ కొండల్లో బస్సులు మనం చెప్పినట్టు వింటాయా? వచ్చేసరికి చీకటి. రోడ్డు మీద ఎవర్నో అడిగితే, దూరం నుంచే కడపటి ఇల్లు అని చెయ్యి చూపించి పోయినారు.

తెల్లారినాక ఆసుపత్రి వరండాలో అత్తాకోడండ్లు ఇద్దరూ బెంచీ మీద కూసోనుండారు. బిడ్డ నిద్రపోతా ఉండాది. రేణు అత్తకు టీ గ్లాసు అందించింది.

“తప్పుగా అనుకోవద్దత్తా. అంతసేపు వానలో నిలబెట్టేస్తి. తలుపు తీసేకి ప్రాణం రాలేదు.”

“నేను కూడా పోదామనే అనుకున్నానమ్మా. బెల్లు ఒక్కసారి నొక్కినానో లేదో, ఇంగ్లీషులో తిట్టినావు కదా.”

“అయ్యో, అది నేను కాదత్తా! ఆ మిషను!”

“నాకేం తెలుసు? పొమ్మంటా ఉండాదిలే అనుకుంటి. యాడికి పోయేది? ఇంక బస్సు లేదు. వాన. సరే, వాన నిలిచేదాకా ఉందామని అట్ల తిరిగి నిలబడినాను.” పిల్లమ్మ టీ ఊదుకుంటా నవ్వింది. “నా కండ్లలో నీళ్లు నీకు కనపడకూడదని కూడా.”

రేణు అత్త చెయ్యి పట్టుకుంది. “మీరు మూడోసారి కూడా పిలవకపోయుంటే నేను తీసేదాన్నే కాదత్తా. ఆ మూడో పిలుపే నా బిడ్డను కాపాడింది.”

పిల్లమ్మ గ్లాసు కింద పెట్టింది. కోడలి ముఖంలోకి చూసింది.

“నేను యాడ పిలిచినానమ్మా? నోరు తెరిస్తే ఏడుపు వస్తుందని గొంతే ఎత్తలేదు. పిలుద్దామన్నా... నీ పేరు రేణు అని, ఇందాక నర్సమ్మ పిలిస్తేనే కదా నాకు తెలిసింది!”